పాతబస్తీకి మెట్రో: పైనుంచా, కిందనుంచా?

సొరంగం: సూటిగా అడుగుతానన్నా. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఎతేబార్ చౌక్, అలీజా కోట్ల, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ, శంషేర్‌గంజ్, అలియాబాద్‌ల మీదుగా ఫలక్‌నుమా దాకా మెట్రోకి గీత గీశారు. ఆ గీత మీద వెయ్యికి అటూ ఇటూగా ఆస్తులున్నాయి. గజానికి 81 వేల రూపాయల లెక్కన 2025 జనవరి నుంచి చెక్కులిస్తూ, కూలుస్తూ వస్తున్నారు. అదే రైలును భూమి లోపలినుంచి తీసుకుపోతే వీటిలో చాలావాటికి గునపం దెబ్బ తగిలేదే కాదు. ఢిల్లీ, కలకత్తా, చెన్నై, బెంగళూరు, ముంబయి, జైపూర్, అహ్మదాబాద్... పాత బజార్లున్న ఊళ్లన్నీ ఎక్కడో ఒకచోట కిందికి దిగాయి. మన హైదరాబాదులో నడుస్తున్న 69 కిలోమీటర్లలో ఒక్క అడుగు కూడా భూమి కింద లేదు. నాలుగువందల ఏళ్ల బస్తీ దగ్గరైనా దిగకపోతే ఇంకెక్కడ దిగుతాం?

వంతెన: ముందు ఒక సంగతి విను తమ్మీ. నా మల్గి కూడా ఆ గీత లోపలే ఉంది. శాలిబండలో మా నాయన తెరిచిన దుకాణం. పోగొట్టుకునేవాళ్ల తరఫున నువ్వు మాట్లాడుతున్నావని అనుకోకు, వాళ్లలో నేనూ ఒకణ్ని. అయినా పైనుంచే రానీ అంటున్నా. సికింద్రాబాద్ జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అని మొదటి దశ కాగితాల్లోనే ఉంది. 2012లో నగరంలో పనులు మొదలుపెట్టారు. 2017 నవంబరులో మియాపూర్, నాగోలుల మధ్య రైలు నడిచింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి, మూసీ గట్టున ఆగిపోయింది. నదికి ఇవతల మిగిలింది ఐదున్నర కిలోమీటర్లు. దానికి శంకుస్థాపన చేయడానికే 2024 మార్చి దాకా పట్టింది. అటు పక్క పిల్లలు మెట్రోలో కూర్చుని హైటెక్ సిటీకి ఉద్యోగాలకు పోతుంటే, అలియాబాద్ పిల్లలు ఆటోలో వేలాడుకుంటూ ఎంజీబీఎస్ దాకా పోయి అక్కడ రైలెక్కుతున్నారు. ఇప్పుడు నువ్వొచ్చి ‘కిందనుంచి’ అంటే నా చెవికి అది ‘ఇంకో పదేళ్ల తర్వాత’ అనే వినిపిస్తుంది.

సొరంగం: ఆలస్యం చేసింది గల్లీలోవాళ్లు కాదు కదా. చేసినవాళ్లెవరో చేశారు, ఇప్పుడు తొందర పేరుతో గల్లీని కొడుతున్నారు. ఒక్క విషయం గమనించండి. స్తంభం నిలబెట్టడానికి రోడ్డు నడుమ కాస్త జాగా చాలు. ఇళ్లు పోతున్నది స్తంభాల కోసం కాదు. ఆ రోడ్డును 100 అడుగులకు, స్టేషన్ వచ్చే చోట 120 అడుగులకు వెడల్పు చేయాలి కాబట్టి పోతున్నాయి. పైన రైలు పోవాలంటే కింద రోడ్డు అంత ఉండాలి. లోపలినుంచి పోయే రైలుకు పైన రోడ్డు ఎంత ఉంటే ఏం? ఢిల్లీలో చావ్‌డీ బజార్ స్టేషన్ 2005 జులైలో తెరిచారు. సుమారు పాతిక మీటర్ల లోతున రైలు ఆగుతుంది. బయటికొస్తే పెళ్లిపత్రికల దుకాణాలు, కాగితం గోదాములు, సందు నిండా రిక్షాలు, తలమీద కరెంటు తీగల చిక్కులు, ఏదీ కదలలేదు. నేను చూసి వచ్చాను. మన దగ్గర అలా ఎందుకు కాకూడదు?

వంతెన: సొరంగం కనిపించదు, నిజమే. స్టేషన్ మాత్రం ఎక్కడో ఒకచోట పైకి తేలాలి. ఆ మాట మీవాళ్లు చెప్పరు. భూగర్భ స్టేషన్ అంటే ఏమనుకుంటున్నావు? దాదాపు రెండువందల మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల పైన వెడల్పు ఉన్న పెట్టె. దాన్ని మామూలుగా పైనుంచే తవ్వుతారు. యంత్రం లోపల్లోపల తొలుచుకుపోయేది రెండు స్టేషన్ల మధ్య సొరంగాన్ని మాత్రమే. అంత పెట్టెకు శాలిబండలో ఖాళీ జాగా చూపించు. ఆపైన లోపలికి దిగే దారులు, గాలి లాగే గూళ్లు, ఏసీ యంత్రాలు, మంటలొస్తే జనం బయటపడే మెట్లు. వీటన్నిటికీ నేలమీద చోటు కావాలి. ముంబయిలో ఆక్వా లైను దాదాపు మొత్తం భూగర్భమే కదా. కాల్బాదేవి, గిర్‌గావ్‌లలో స్టేషన్ల కోసం వందల కుటుంబాలను లేపారు. అవి మన బజార్లలాంటివే, పాత చాళ్లు, కింద దుకాణం, పైన ఇల్లు. కిందనుంచి పోతే ఎవరికీ ఏమీ కాదన్నది కాగితమ్మీద మాట.

సొరంగం: ఎవరికీ ఏమీ కాదని నేననలేదు. స్టేషన్ దగ్గర పోతాయి, ఒప్పుకుంటాను. కానీ స్టేషన్ల మధ్య పోవు. ఇక్కడ మొత్తం గీత పొడుగునా, రెండు పక్కలా పోతున్నాయి. నాలుగైదు చోట్ల దెబ్బ వేరు, వరసగా ఐదున్నర కిలోమీటర్ల దెబ్బ వేరు. గిర్‌గావ్, కాల్బాదేవి ఎత్తారు కాబట్టి ఇంకొకటి కూడా చెప్పండి. అక్కడ లేపినవాళ్లకు అక్కడే, స్టేషన్ పక్కనే, కొత్త భవనాల్లో ఇళ్లిస్తామన్నది ఒప్పందం. ఇక్కడ చెక్కు చేతిలో పెడతారు. ఆ చెక్కు పట్టుకుని శాలిబండలో ఇంకో మల్గి కొనగలరా మీరు?

వంతెన: కొనలేను. బండ్లగూడ అవతలికి పోవాలి. అక్కడ నన్నెవరు ఎరుగుదురు? అది నిజమే, దాచను. అంతకన్నా పెద్ద నిజం ఇంకొకటుంది. నాకైనా చెక్కు వస్తుంది. నా పక్క మల్గిలో గాజులమ్మే ఆయన కిరాయిదారు. వాళ్ల తాత ఎప్పుడో పగిడీ కట్టి తీసుకున్నాడు. కాగితం అంతంతమాత్రం. చెక్కు యజమానికి పోతుంది, ఆయనకు ఖాళీ చేయమని నోటీసు. 2013 భూసేకరణ చట్టంలో కిరాయిదారు బతుకుతెరువు గురించి కూడా రాశారు. రాసినదాన్ని గల్లీ దాకా తేవాలి. వక్ఫ్ జాగాల్లో ఉన్నవాళ్ల సంగతి ఇంకా చిక్కు. ఇది పైనా కిందా తగాదా కాదు. పైనుంచి పోయినా, స్టేషన్ పెట్టె తవ్వినా ఆ గాజులాయనకు జరిగేది ఒకటే.

సొరంగం: ఇక్కడ మీరూ నేనూ ఒకే పక్షం.

వంతెన: ఇక్కడిదాకానే. ఇక డబ్బు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా మీదుగా చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లకు ప్రభుత్వం వేసిన అంచనా 2,741 కోట్లు. అంటే కిలోమీటరుకు 365 కోట్లు. ముంబయి ఆక్వా లైను 33.5 కిలోమీటర్లకు 37 వేల కోట్లు దాటింది, కిలోమీటరుకు 1,100 కోట్లు. ఆ ధర మన ఏడున్నర కిలోమీటర్లకు పెట్టి చూడు, ఎనిమిది వేల కోట్లు దాటుతుంది. రెండో దశ మొత్తం 76.4 కిలోమీటర్లకు అనుకున్నదే 24,269 కోట్లు. అందులో మూడోవంతు మన పాతబస్తీకే ఇస్తారా? ఇవ్వరు. ఇవ్వమని చెప్పరు కూడా. పరిశీలిస్తున్నాం అంటారు. ఆ మాట మనం ఎన్నాళ్లు విన్నామో నీకు తెలుసు.

సొరంగం: ముంబయి ధర తెచ్చి భయపెట్టకండి. అక్కడ మొదటి అంచనా 23 వేల కోట్లు. ఏళ్లు సాగి సాగి అంతైంది. జైపూర్ చూడండి. గోడలోపలి పాతనగరంలో ఛోటీ చౌపడ్, బడీ చౌపడ్ కింద స్టేషన్లు కట్టారు. 2.4 కిలోమీటర్లకు సుమారు 1,100 కోట్లు, అంటే కిలోమీటరుకు 470 దాకా. మన అంచనాకు అటూ ఇటూ. పని జరుగుతుండగానే 2019లో ఆ పాతనగరం యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఆ చౌపడ్‌ల నడుమ స్తంభాలు లేపి ఉంటే ఆ గౌరవం దక్కేదా? ఇంకోటి. మీ 365 కోట్ల లెక్కలో వీధి విలువ ఎక్కడుంది? కూలిన ఇంటికి గజం ధర కట్టారు సరే, కూలాక మిగిలే సగం ఇంటికి, చెదిరిన గిరాకీకి, పక్క బస్తీకి పోయిన కుటుంబానికి ధర ఎవరు కట్టారు?

వంతెన: జైపూర్ నువ్వే ఎత్తావు, మంచిది. 2013లో శంకుస్థాపన, 2020 సెప్టెంబరులో రైలు. రెండున్నర కిలోమీటర్లు కూడా లేని దానికి ఏడేళ్లు. కలకత్తా సంగతి చెప్పనా? 1972లో శంకుస్థాపన చేసి, రోడ్లు నిలువునా తవ్విపోసి, 1984లో మొదటి 3.4 కిలోమీటర్లు నడిపారు. అప్పటి పద్ధతులు వేరంటావు, ఒప్పుకుంటా. కానీ మట్టి కూడా వేరు తమ్మీ. జైపూర్‌ది ఇసుక కలిసిన నేల. మనది రాతి గడ్డ. బెంగళూరులో మనలాంటి రాయే. మెజెస్టిక్ దగ్గర సొరంగం తొలవడానికి దింపిన యంత్రానికి గోదావరి అని పేరు పెట్టారు. తల పాడై భూమి లోపల నెలల తరబడి ఇరుక్కుపోయింది. ఒకచోట మెత్తని మొరం, నాలుగడుగుల్లో గట్టి గ్రానైటు గుండు. ఇలా కలగాపులగంగా ఉన్న నేలంటే సొరంగం ఇంజినీర్లకు ఎక్కడాలేని భయం. ఆ నాలుగడుగులకోసారి మారే నేలే మన కాళ్ల కింద ఉంది.

సొరంగం: అదే రాయి మనకు రక్ష కూడా. కలకత్తా బౌబజార్‌లో 2019 ఆగస్టు 31న జరిగింది రాతినేలలో జరిగేది కాదు. యంత్రం నీటిపొరను తాకింది, నీళ్లూ మట్టీ సొరంగంలోకి ఉరికాయి, పైన దుర్గా పిథురీ లేన్‌లో ఇళ్లు బీటలువారి కొన్ని కూలాయి. వందలమంది కట్టుబట్టలతో హోటళ్లకు పోయారు. ఘోరమే. కానీ అది గంగ ఒండ్రు నేల. గ్రానైటులో తొలిచిన గుహ తనంత తానే నిలబడుతుంది. గోల్కొండ పునాదులు చూసినవాళ్లకు మన రాయి గురించి వేరే చెప్పాలా?

వంతెన: లోతుకు పోతే నిలబడుతుంది. స్టేషన్ పెట్టె తవ్వేది పైపొరలో. దానికి రాయి పగలగొట్టాలి. చుట్టూ ఉన్నది సిమెంటు ఇళ్లా? డంగుసున్నం గోడలు, టేకు దూలాలు, వందేళ్లుగా మరమ్మతు ఎరుగని మిద్దెలు. పక్క గల్లీలో బోరు వేస్తేనే మా ఇంట్లో పెచ్చు రాలుతుంది. బౌబజార్‌లో 2019తో అయిపోలేదు, 2022లో మళ్లీ మళ్లీ బీటలు వచ్చాయి. అక్కడ కూలినవి ఏ ఇళ్లు? సరిగ్గా మనలాంటి ఇళ్లు. పైనుంచి పోతే ఏ ఇల్లు పోతుందో ముందే తెలుస్తుంది. గుర్తు పెడతారు, కొలుస్తారు, చెక్కిస్తారు. కిందనుంచి పోతే ఏ ఇల్లు బీటవారుతుందో ఆ రాత్రిదాకా తెలియదు, పరిహారం ఎవరిని అడగాలో తెల్లవారినా తెలియదు.

సొరంగం: పైన ఉన్నది మాత్రం పడదా? 2019 సెప్టెంబరులో అమీర్‌పేట స్టేషన్ కింద, వానకు తలదాచుకున్న ఓ యువతి మీద పెచ్చు ఊడిపడి ప్రాణం పోయింది. 2023 జనవరిలో బెంగళూరు నాగవారలో స్తంభం కోసం కట్టిన ఇనుప చట్రం రోడ్డు మీదికి ఒరిగి, బండి మీద పోతున్న తల్లీబిడ్డలు చనిపోయారు.

వంతెన: ఆ చావులకు జవాబు లేదు. నేను చెప్పను. ఇప్పుడు నీ సొరంగానికి అసలు చిక్కు చెప్తా విను, పత్రికల్లో ఇది ఎవరూ రాయరు. జేబీఎస్ నుంచి వచ్చే ఆకుపచ్చ లైనుకు ఎంజీబీఎస్‌లో ప్లాట్‌ఫారం ఎక్కడుంది? ఆకాశంలో. అక్కడినుంచి మూసీ దాటాలి. రైలు ఎక్కుడూ దిగుడూ మన ఆటోలా చేయదు. వంద మీటర్లు పోతే మూడు నాలుగు మీటర్లకు మించి దిగలేదు. పైన పదిహేను మీటర్ల ఎత్తునుంచి, కింద ఇరవై మీటర్ల లోతుకు దిగాలంటే ఎంత దూరం కావాలో నువ్వే లెక్కకట్టు. దాదాపు కిలోమీటరు. అందులో కొంత వంతెన మీద, కొంత నేలకు తగులుతూ, కొంత తెరిచిన కందకంలో. ఆ నేలకు తగిలే చోట రోడ్డుకు అడ్డంగా కాదు, రోడ్డు పొడుగునా గోడ లేస్తుంది. ఇటువాళ్లు అటు పోలేరు. దారుల్‌షిఫాలో, సాలార్‌జంగ్ మ్యూజియం పక్కన, ఆ గోడ పెడదామా? ఫలక్‌నుమా దగ్గర మళ్లీ పైకి ఎక్కాలి, అక్కడ ఇంకో గోడ. రెండు చివర్లా దిగడానికి, ఎక్కడానికి పోగా నీకు మిగిలే సొరంగమెంత?

(రాస్తున్నవాణ్ని ఒక్క మాట అడ్డం వస్తాను. రెండు పక్షాలూ చెప్పినవాటిలో నాకు అన్నిటికన్నా బరువైనదిగా తోచింది ఈ వాలు లెక్క. ఇది డబ్బుతోనో, మనసుతోనో తీరేది కాదు. అందుకే దీనికి సొరంగం పక్షం జవాబు జాగ్రత్తగా వినాలి.)

సొరంగం: ఇప్పుడున్న లైనునే పొడిగించాలనుకుంటే మీరన్నది నిజం. పొడిగించకపోతే? ఎంజీబీఎస్ దగ్గర భూమి లోపల వేరే స్టేషన్ కట్టి, అక్కడినుంచి చాంద్రాయణగుట్ట దాకా వేరే లైనుగా నడపొచ్చు. పైనుంచి వచ్చినవాళ్లు దిగి, ఎస్కలేటర్ మీద కిందికి పోయి, రైలు మారతారు. ఢిల్లీ హౌజ్‌ఖాస్‌లో, రాజీవ్‌చౌక్‌లో రోజూ లక్షలమంది మారుతున్నారు. మన అమీర్‌పేటలో మారడం లేదా?

వంతెన: మారతారు. కానీ నువ్వు చెప్పేది ఏడున్నర కిలోమీటర్ల ఒంటరి లైను. దానికి వేరే రైళ్లు, వేరే డిపో. డిపోకు ఎన్ని ఎకరాలు కావాలి, చాంద్రాయణగుట్టలో ఎక్కడ దొరుకుతాయి? పైగా అలియాబాద్ ఆడపిల్ల సికింద్రాబాద్ పోవాలంటే మూసీ దగ్గర దిగి, కింద నుంచి పైకి ఇన్ని అంతస్తులు ఎక్కి మళ్లీ రైలు పట్టుకోవాలి. జేబీఎస్‌లో ఎక్కితే ఫలక్‌నుమాలో దిగడం అన్నది మాకు మొదట్లో ఇచ్చిన మాట. నువ్వు ఆ మాటనే నరికి రెండు చేస్తున్నావు.

సొరంగం: ...అది నష్టమే. డిపో సంగతి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను. కానీ మీరు వీధి గురించి ఇంతసేపూ మాట్లాడలేదన్నా. సుల్తాన్‌బజార్ చూడండి. పైన స్టేషన్ వస్తే బజారు చస్తుందని అక్కడివాళ్లు ఏళ్లపాటు కొట్లాడారు. 2014 తర్వాత ప్రభుత్వమే కిందనుంచి తీసుకుపోతామంది, చివరికి పైనుంచే పోయింది. ఇప్పుడు కోఠి వైపు నుంచి నడుచుకుంటూ వస్తే తలెత్తితే కాంక్రీటు. మొహర్రం పదోనాడు బీబీ కా అలం దబీర్‌పురా నుంచి ఏనుగు మీద బయల్దేరి ఎతేబార్ చౌక్, అలీజా కోట్ల మీదుగా చార్మినార్‌కు వస్తుంది. బోనాలప్పుడు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీదే ఊరేగుతుంది. రెండూ మీ గీత మీదివే. ఒకటి షియాలది, ఒకటి హిందువులది, రెండింటినీ మిద్దెలమీద నిలబడి చూసేది మాత్రం బస్తీ అంతా. రేపు ఆ మిద్దెలుండవు, ఆకాశముండదు. చార్మినార్ కట్టినప్పుడు ఊరికి రూపం దిద్దిన మీర్ మోమిన్ సమాధి ఉన్న దాయిరా ముందునుంచి రైలు దడదడలాడుతూ పోతుంది.

వంతెన: ఏనుగుకు ఏమీ కాదు. అయిదున్నర మీటర్ల ఖాళీ వదులుతారు, నిక్షేపంగా పోతుంది. గీత చార్మినార్ ముందునుంచి కూడా పోవడం లేదు. తూర్పున వెనక వీధినుంచి, అరకిలోమీటరు ఎడంగా పోతుంది. గుళ్లూ, మసీదులూ, అషూర్‌ఖానాలూ వంద పైచిలుకు దారిలో ఉంటే స్తంభాలు అటూ ఇటూ జరిపి వాటిని కాపాడతామన్నారు. మిద్దెల సంగతి... నువ్వన్నది బాధగానే ఉంది. చిన్నప్పుడు ఆ ఊరేగింపు నేనూ మిద్దె మీదినుంచే చూశాను. కానీ తమ్మీ, ఊరేగింపు ఏడాదికోసారి వస్తుంది. ఆటో పొగ రోజూ వస్తుంది. మీకు పాతబస్తీ అంటే ఆదివారం కెమెరా పట్టుకుని వచ్చి ఇరానీ చాయ్ తాగిపోయే జాగా. ఏదీ మారకూడదు. మాకు పొద్దున్నే లేచి పనికి పోవాల్సిన ఊరు. నువ్వు రోజూ మియాపూర్‌లో పైకెక్కి, పైనే పోయి, పైనే దిగుతావు. అక్కడ నీకు ఆకాశం గుర్తుకురాలేదు.

సొరంగం: మియాపూర్ రోడ్డు ముందే హైవే. అయినా నా మీద వేసిన మాట తీసుకుంటాను, అందులో నిజముంది. మా అమ్మావాళ్లు హరిబౌలి వదిలి అటు పోయినప్పుడు ఎవరూ మమ్మల్ని వెళ్లగొట్టలేదు. కానీ ఇదీ వినండి. రెండో దశలో విమానాశ్రయం దగ్గర 1.6 కిలోమీటర్లు రైలును భూమి లోపలినుంచి తీసుకుపోవాలని అనుకున్నారు. స్టేషన్ కూడా లోపలే. విమానాశ్రయం ముందు స్తంభం బాగుండదంటే కిందికి పోవచ్చు. దాయిరా ముందు బాగుండదంటే రాయి గట్టిది, డబ్బు లేదు, వాలు సరిపోదు. మీకు ఇది కోపం తెప్పించదా?

వంతెన: తెప్పిస్తుంది. ఎందుకు రాదు? అయితే అక్కడ పైన ఇళ్లు లేవు. ఖాళీ నేల తవ్వి, పెట్టె దించి, మళ్లీ కప్పెయ్యొచ్చు. భూగర్భం చవగ్గా పడేది ఎక్కడంటే ఎవరూ లేని చోట. అందరూ ఉన్న చోట అది ప్రాణాంతకం. న్యాయం అడిగితే నీ పక్కనే ఉంటా. ఇంజినీరింగ్ అడిగితే ఉండలేను.

సొరంగం: ఎవరూ లేని చోట దిగడం సులువు, అందరూ ఉన్న చోట దిగడం అవసరం. ఢిల్లీ చేసింది రెండోదే.

వంతెన: ఢిల్లీలో కూడా జామా మసీదు స్టేషన్ కోసం 2012లో సుభాష్ పార్కులో తవ్వితే పాత కట్టడం బయటపడింది, షాజహాను కాలంనాటి అక్బరాబాదీ మసీదు శిథిలాలన్నారు. ఎక్కడి పనులక్కడ ఆగాయి, స్టేషన్‌ను జరపాల్సొచ్చింది. నీ జైపూర్ చౌపడ్‌లలో తవ్వితే పాతకాలపు నీటి కుండాలు బయటపడ్డాయి. మన పురానీ హవేలీ దగ్గర తవ్వితే ఏం బయటపడుతుందో ఎవరికి తెలుసు? ఏది బయటపడినా కోర్టు, స్టే, వాయిదా. వారసత్వాన్ని కాపాడటానికి కిందికి పోదామంటావు, వారసత్వం ఎక్కువగా ఉన్నది కిందనే.

సొరంగం: బయటపడితే మంచిదే. మన ఊరి గురించి మనకు తెలుస్తుంది. ఆ భయంతో ఏ ఊరూ తవ్వడం మానలేదు.

వంతెన: ఊరి గురించి తెలుసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, ఆ ఏళ్లు ఎవరి ఖాతాలో రాస్తారన్నదే ప్రశ్న. ఇక నీళ్లు. 1908 సెప్టెంబరు మూసీ వరద సంగతి మన ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2020 అక్టోబరులో గుర్రం చెరువు, పల్లె చెరువు తెగితే ఫలక్‌నుమా అవతలి కాలనీల్లో మొదటి అంతస్తు దాకా నీళ్లు. 2025 సెప్టెంబరులో మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే నీళ్లొచ్చి ప్రయాణికులను తాళ్లు పట్టి బయటికి తెచ్చారు. అదే ఏడాది మే 10న ముంబయిలో ఆచార్య అత్రే చౌక్ భూగర్భ స్టేషన్ తెరిచారు, మే 26న మొదటి వానకే అందులోకి నీళ్లు దూకాయి. మన మూసీ పక్కన గొయ్యి తీసి, అందులో జనాన్ని నిలబెడతానంటావా?

సొరంగం: అత్రే చౌక్‌లో పని పూర్తికాని ద్వారంనుంచి నీళ్లొచ్చాయి. అది తొందరపాటు. మీరు పైనుంచి పోదామనడానికి చెప్పే కారణం కూడా తొందరే. భూగర్భ స్టేషన్‌కు ద్వారాన్ని వరద మట్టానికి పైన కట్టాలి, గేట్లుండాలి, పంపులుండాలి. నది కిందనుంచే కలకత్తావాళ్లు 2024 మార్చి నుంచి రైళ్లు నడుపుతున్నారు, హౌరా నుంచి హుగ్లీ అడుగున. మూసీ ఎంత, హుగ్లీ ఎంత?

వంతెన: ఆ పంపులకూ, ఏసీకీ, పగలూ రాత్రీ వెలిగే దీపాలకూ కరెంటు బిల్లు ఎవరు కడతారు? టికెట్ కొన్నవాడే. 2025 మేలో చార్జీలు పెంచి, గోల కాగానే పది శాతం తగ్గిస్తే కనిష్ఠం 11, గరిష్ఠం 69 రూపాయలైంది. అదే మన బస్తీ ఆడవాళ్లు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో ఉచితంగా పోతున్నారు. మెట్రో వాళ్లను రప్పించుకోవాలంటే చవగ్గా ఉండాలి, దగ్గరగా ఉండాలి. నువ్వు కట్టే స్టేషన్ అందంగా ఉంటుంది, కానీ అందులోకి దిగేది చార్మినార్ చూడ్డానికి వచ్చినవాళ్లు.

సొరంగం: ఉచిత బస్సున్నప్పుడు పైన పోయే మెట్రోకైనా వాళ్లెందుకు వస్తారన్నా? అప్పుడు ఈ కూల్చివేతలన్నీ ఎవరి కోసం?

వంతెన: (కాసేపాగి) బస్సు ఎంజీబీఎస్‌నుంచి ఫలక్‌నుమాకు సాయంత్రం పూట ఎంతసేపట్లో వస్తుందో ఎవరూ చెప్పలేరు. టైముకోసం వస్తారు. ఉద్యోగం చేసే పిల్లలు వస్తారు. అందరూ వస్తారని నేననను.

సొరంగం: నేనూ నా సొరంగంలో ఏ ఇల్లూ పోదని అనను. వాలు లెక్కకు నా దగ్గరున్నది సగం జవాబే. కానీ ఒక కాగితం అడుగుతాను. రెండు లెక్కలు పక్కపక్కన. పైనుంచి పోతే ఎన్ని ఇళ్లు, ఎందరు కిరాయిదార్లు, ఎన్ని కోట్లు, ఎన్నేళ్లు. కిందనుంచి పోతే అవే నాలుగు. గీత పొడుగునా బోరు వేసి తీసిన రాతి నమూనాల నివేదికతో సహా. తెలుగులో, ఉర్దూలో, గల్లీ గల్లీలో అంటించాలి. సంతకం పెడతారా?

వంతెన: పెడతాను. కిరాయిదార్ల వరస అందులో అన్నిటికన్నా ముందు రాయించు. కానీ ఆ కాగితం వచ్చేదాకా పని ఆపాలని రాస్తే మాత్రం పెట్టను.

సొరంగం: పని అయిపోయాక లెక్క చూపిస్తే దాన్ని లెక్క అనరన్నా, పంచనామా అంటారు.

వంతెన: అననీ. ఆపితే మళ్లీ మొదలవుతుందన్న పూచీ నువ్వివ్వలేవు, సర్కారూ ఇవ్వదు. ఎంజీబీఎస్ దగ్గర ఒకసారి ఆగడం చూశాం. నా మల్గి కాగితాలు ఇచ్చేశాను. నేను ఆపమనను.